ఎడమ బొటనవేలి నొప్పి, ఒక గేమ్ కంట్రోలర్: గుంటూరు నుంచి ఒక కేస్ స్టడీ

పేషెంట్‌కి 26 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుంటూరు విద్యానగర్‌లో ఇంటి నుంచే పని. కుడిచేతి వాటం. ఎడమ మణికట్టులో బొటనవేలి మొదలు దగ్గర మూడు నెలలుగా నొప్పి. షుగర్ లేదు, థైరాయిడ్ రిపోర్టు మామూలుగానే ఉంది, దెబ్బ తగల్లేదు, కాన్పు కేసు కాదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను.

అరండల్‌పేటలో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చేసరికి ఆమె అప్పటికే రెండు చోట్ల చూపించుకుంది. ఒకచోట నొప్పి మాత్రలు, పూత మందు ఇచ్చి ల్యాప్‌టాప్ పని తగ్గించమన్నారు. ఇంకోచోట పది రోజులు కరెంటు పెట్టారు. రెండింటితోనూ ఆ పూటకి ఉపశమనం, మళ్లీ మామూలే. కూడా వచ్చిన వాళ్లమ్మగారు కూర్చోకముందే మొదలుపెట్టారు: "మీరైనా చెప్పండి మేడమ్, ఆ గేములు మానెయ్యమని. రాత్రి పదింటికి మొదలుపెడితే ఒంటిగంట దాకా ఆ రిమోటు చేతిలోంచి దిగదు."

అమ్మాయి మెల్లగా అంది: "తమ్ముడు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు మేడమ్. వాడికి పొద్దున, నాకు రాత్రి. ఇద్దరం కలిసేది ఆ ఆటలోనే."

ఈ మాట కేస్ షీటులో రాసుకున్నాను. ఇది చికిత్సకి అవసరమైన సమాచారం. గేమ్ మానెయ్యమంటే ఆమె రెండు వారాలు మానేస్తుంది, మూడో వారం మళ్లీ అదే చేత్తో, అదే పద్ధతిలో ఆడుతుంది. అలా రాసిచ్చే సలహా వల్ల నాకు పని తేలికవుతుంది గానీ ఆమెకి నొప్పి పోదు.

నన్ను మొదట ఆలోచింపజేసింది చెయ్యి. ల్యాప్‌టాప్ పనే కారణమైతే మౌస్ పట్టుకునే కుడిచేతికి రావాలి కదా? కుడిచెయ్యి శుభ్రంగా ఉంది. ఎడమచేత్తో ఆమె రోజంతా చేసే పనులు ఒక్కొక్కటే అడిగాను. ఫోన్ ఎడమచేత్తో పట్టుకుంటుంది, టైపింగ్ మాత్రం రెండు చేతులతో. స్కూటీ నడిపేటప్పుడు శంకర్‌విలాస్ సెంటర్‌లో ఎడమ బొటనవేలితో హారన్ నొక్కాలంటే ప్రాణం పోతోందంది. కుక్కర్ మూత తిప్పడం, తడి బట్టలు పిండడం, నీళ్ల బాటిల్ నిలువుగా పట్టుకుని ఎత్తడం కష్టంగా ఉన్నాయి. ఇవన్నీ నొప్పిని బయటపెట్టే పనులే తప్ప, నొప్పి తెచ్చిపెట్టేంత సేపు చేసేవి కావు. రోజుకి రెండుమూడు గంటలు ఎడమ బొటనవేలికి ఆగకుండా పని పడేది ఒక్క కంట్రోలర్ దగ్గరే.

పరీక్షలో

మణికట్టు పక్కన, బొటనవేలి వైపు ఎముక పొడుచుకొచ్చే చోట వేలితో నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కుంది. కొద్దిగా వాపు ఉంది. బొటనవేలిని నేనే పట్టుకుని, మణికట్టుని చిటికెన వేలి వైపు వంచితే నొప్పి పదికి ఏడు. ఇది 1930లో ఫింకెల్‌స్టీన్ వర్ణించిన పరీక్ష. బొటనవేలిని గుప్పిట్లో మూయించి పేషెంట్ చేతే వంచించే పద్ధతిని కూడా చాలామంది ఇదే పేరుతో పిలుస్తారు. నిజానికి అది అంతకుముందే ఐకాఫ్ చెప్పిన పరీక్ష. అలా చేస్తే ఏ జబ్బూ లేని వాళ్లకి కూడా నొప్పి రావచ్చు. అందుకే నేను మొదటి పద్ధతినే నమ్ముతాను.

బొటనవేలి మొదటి కీలుని నొక్కి తిప్పితే నొప్పి లేదు, కాబట్టి కీలు అరుగుదల కాదు. మణికట్టుకి నాలుగైదు సెంటీమీటర్లు పైన, ముంజేతి మీద వేలు పెడితే కరకర లేదు. బొటనవేలు చాచినప్పుడు మణికట్టు దగ్గర పడే గుంటలో నొక్కినా నొప్పి లేదు. ఎడమచేతికి స్మార్ట్ వాచీ బిగుతుగా పెట్టుకుంటుంది కాబట్టి ఆ పక్కనే పోయే నరం నలుగుతోందేమోనని వేలితో తట్టి చూశాను. జివ్వుమని పాకడం, తిమ్మిరి ఏమీ లేవు. అయినా వాచీని కుడిచేతికి మార్పించాను.

ఇది డి కెర్వాన్ టీనోసైనోవైటిస్. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వర్ణించాడు. బొటనవేలిని పక్కకి, పైకి లేపే రెండు టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు, మణికట్టు పక్కన ఒక ఇరుకైన గొట్టంలోంచి వెళతాయి. ఆ గొట్టం గోడ మందమైతే టెండన్లు అందులో కదిలినప్పుడల్లా ఒరుసుకుంటాయి. బొటనవేలు కదులుతూ ఉండగా మణికట్టు కూడా చిటికెన వేలి వైపు వంగి ఉంటే ఆ ఒరిపిడి ఎక్కువవుతుంది. పిల్లల్ని ఎత్తుకునే తల్లుల్లో ఈ జబ్బు ఎక్కువగా చూస్తాం. ఆటలకీ దీనికీ లంకె కొత్తదేం కాదు. 1990లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అమెరికన్ డాక్టరు ఉత్తరం రాశాడు. 35 ఏళ్ల మహిళ ఒకామె నింటెండో గేమ్ మిషన్ మీద ఐదు గంటలు ఆగకుండా ఆడి, కుడి బొటనవేలి టెండన్ మీద తీవ్రమైన నొప్పితో వచ్చిందని. ఆయన దానికి 'నింటెండినైటిస్' అని పేరు పెట్టాడు.

జబ్బు పేరు తెలిసింది. కానీ ఎడమచెయ్యే ఎందుకు? దానికి జవాబు పరీక్ష టేబుల్ మీద దొరకలేదు.

కంట్రోలర్ తెచ్చుకుని రమ్మన్నాను

మర్నాడు ల్యాప్‌టాప్, కంట్రోలర్ రెండూ పట్టుకొచ్చింది. ఇంట్లో ఎలా కూర్చుని ఆడుతుందో అలాగే కూర్చోమని, ఒక ఆట పూర్తయ్యేదాకా ఆడమని చెప్పి, పక్కన కూర్చుని మణికట్టుని మాత్రమే చూశాను. ఆమె అనుమతితో ఎడమచేతిని ఫోన్‌లో వీడియో కూడా తీశాను.

మంచం మీద బాసింపట్టు వేసుకుని ఆడుతుంది. మోచేతులకి ఆనుగడ లేదు. రెండు మోచేతుల్నీ పక్కటెముకలకి అదిమి, కంట్రోలర్‌ని ఛాతీ ఎత్తులో పట్టుకుంటుంది. అలా పట్టుకుంటే ముంజేతులు రెండూ లోపలికి తిరుగుతాయి, చేతులు మాత్రం కంట్రోలర్ పిడుల వెంట ముందుకి చూడాలి. ఆ తేడానంతా మణికట్టే భరించాలి, అంటే చిటికెన వేలి వైపు వంగాలి. కీలు వంపు కొలిచే గోనియోమీటర్ పెట్టి చూస్తే ఎడమ మణికట్టు దాదాపు 25 డిగ్రీలు వంగి ఉంది, కుడిది 15. ఫింకెల్‌స్టీన్ పరీక్షలో నేను ఒక్క క్షణం చేసే పనిని ఆమె చెయ్యి గంటల తరబడి చేస్తోంది.

రెండు చేతుల మధ్య ఈ తేడా ఎందుకంటే, ఆమె వాడేది తమ్ముడు అమెరికా వెళుతూ ఇచ్చిపోయిన ప్లేస్టేషన్ 5 కంట్రోలర్, డ్యుయల్‌సెన్స్. ప్లేస్టేషన్ కంట్రోలర్లలో రెండు స్టిక్‌లూ, అంటే బొటనవేళ్లతో ఎటైనా తోసే చిన్న పుల్లలు, కిందివైపు, మధ్యకి దగ్గరగా ఉంటాయి. ఆమె చెయ్యి పొడవు కొలిచాను. మణికట్టు ముడత నుంచి నడిమి వేలి కొస దాకా 16 సెంటీమీటర్లు. అంత చిన్న చేత్తో పిడిని నిండుగా పట్టుకుంటే బొటనవేలు ఎడమ స్టిక్ మధ్యదాకా హాయిగా చేరదు. అందుకని అరచెయ్యి పిడి మీంచి కాస్త పక్కకి జరిగి, మణికట్టు ఇంకొంచెం వంగి, చిటికెన వేలు కంట్రోలర్ కిందికి కొక్కెంలా వచ్చి బరువు మోస్తోంది. ఈ కంట్రోలర్ బరువు సుమారు 280 గ్రాములు. అంతకుముందు తరం డ్యుయల్‌షాక్ 4 కన్నా 70 గ్రాములు ఎక్కువ. కుడి స్టిక్ కూడా అదే ఎత్తులో ఉంది కదా అనిపించవచ్చు. కుడి బొటనవేలు మాటిమాటికీ స్టిక్ వదిలి బటన్ల మీదికి వెళ్లొస్తుంది, ఆ వెళ్లి రావడంలోనే దానికి కాస్త విరామం దొరుకుతుంది. ఎడమ బొటనవేలు మాత్రం ఆట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా స్టిక్ మీంచి లేవనే లేదు.

వీడియోని నెమ్మదిగా తిప్పి చూసినప్పుడు అసలు సంగతి కనిపించింది. ఆమె ఆడేది షూటింగ్ ఆట. మనిషి నడవాలంటే ఎడమ స్టిక్‌ని ముందుకి తొయ్యాలి. పరిగెత్తాలంటే తోసి ఉంచిన ఆ స్టిక్‌నే కిందికి నొక్కాలి. ఆటగాళ్లు దీన్ని ఎల్3 అంటారు. ముందుకి తొయ్యడం అంటే బొటనవేలిని చాచి ఉంచడం, అది సరిగ్గా ఆ రెండు టెండన్ల పని. వాటిని అలా బిగించి ఉంచగానే, అదే వేలితో కిందికి గట్టిగా నొక్కాలి. ఈ ఆటలో అందరూ ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటారు. ప్రతి కొన్ని సెకన్లకి ఒకసారి నొక్కుతోంది, నొక్కిన ప్రతిసారీ మణికట్టు ఇంకాస్త వంగుతోంది. పైగా కొన్నిసార్లు ఒక పరుగుకి రెండుసార్లు నొక్కుతోంది.

"రెండుసార్లు ఎందుకమ్మా?" అని అడిగాను.

"ఒక్కోసారి పట్టుకోదు మేడమ్. గట్టిగా నొక్కాలి."

నేనూ చేతిలోకి తీసుకుని నొక్కి చూశాను. కుడి స్టిక్ టిక్కుమని తేలిగ్గా దిగింది. ఎడమది అరిగిపోయి మెత్తగా ఉంది, బలంగా అదిమితేనే పలుకుతోంది. స్టిక్ మాడ్యూల్ పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, ఎల్3 నొక్కితే కదిలేది అదే. తమ్ముడు వాడి వాడి ఇచ్చిన కంట్రోలర్ కాబట్టి అరిగిపోవడంలో వింత లేదు. ఎక్స్‌రేలో కనిపించని కారణం ఇది.

ఇంకొకటి ఎండాకాలం. మే నెలలో గుంటూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కరెంటు పోయిందంటే అరచేతులు తడిసిపోతాయి. నున్నటి ప్లాస్టిక్ జారుతుందని చెయ్యి తనకి తెలియకుండానే ఇంకా గట్టిగా బిగిస్తుంది. నొప్పి మొదలైంది కూడా ఆ నెలలోనేనని ఆమె చెప్పింది.

కంట్రోలర్లు ఎవరి చేతి కోసం

మన తోటి ఫిజియోలు చాలామందికి ఈ వస్తువు కొత్త కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. 1983లో వచ్చిన నింటెండో ఫామికామ్ కంట్రోలర్ ఒక చదునైన చిన్న పలక. పట్టుకోవడానికి పిడులే లేవు. 1990లో సూపర్ ఫామికామ్ మూలలు గుండ్రంగా చేసి, చూపుడు వేళ్లకి పైన బటన్లు ఇచ్చింది. అప్పటిదాకా బొటనవేళ్ల మీదే ఉన్న పనిలో కొంత చూపుడు వేళ్లకి మారింది. పిడులు, రెండు స్టిక్‌లు, స్టిక్‌ని నొక్కితే బటన్ కావడం, ఇవన్నీ 1997 నాటి డ్యుయల్‌షాక్‌లో ఉన్నాయి. అంటే బొటనవేలి మీద మళ్లీ బరువు పెరిగింది.

2001లో మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన కంట్రోలర్ ఎంత పెద్దదంటే జనం దానికి 'డ్యూక్' అని పేరు పెట్టారు. జపాన్‌లో అమ్మడానికి దాన్ని కుదించాల్సి వచ్చింది. ఆ చిన్న రకమే తర్వాత మిగతా దేశాల్లోనూ మామూలు కంట్రోలర్ అయిపోయింది. చిన్నది చేస్తే పెద్ద చేతుల వాళ్లు కూడా వాడగలిగారు, పెద్దదిగా ఉన్నప్పుడు చిన్న చేతుల వాళ్లు వాడలేకపోయారు. 2020 మోడల్‌కి వచ్చేసరికి ఎనిమిదేళ్ల పిల్లల చేతుల్ని కూడా దృష్టిలో పెట్టుకుని ఇంకాస్త తగ్గించామని ఆ కంపెనీ వాళ్లే చెప్పారు. చెప్పుల షాపులో మనం నంబరు అడుగుతాం, ఇక్కడ మాత్రం అందరికీ ఒకటే నంబరు. 16 సెంటీమీటర్ల చెయ్యి ఉన్న అమ్మాయికి ఆ తేడా టెండన్ దగ్గర తెలుస్తుంది.

మొదటి నుంచీ ఎక్స్‌బాక్స్ రకంలో ఎడమ స్టిక్ పైవైపు ఉంటుంది. చేతిని పిడి మీద వదులుగా పెడితే బొటనవేలు సహజంగా వాలేది అక్కడే. అది అందరికీ మంచిదని నేను అనను. బాణం గుర్తు బటన్లతో ఎక్కువ ఆడేవాళ్లకి, ఫైటింగ్ ఆటల వాళ్లకి ప్లేస్టేషన్ అమరికే సుఖం. ఎడమ స్టిక్ మీద గంటలు గంటలు గడిపే ఈ అమ్మాయికి మాత్రం పైన ఉండటమే నయం.

చేసినవి

మొదటి మూడు వారాలు స్ప్లింట్. మణికట్టునీ బొటనవేలి కింది రెండు కీళ్లనీ కదలకుండా ఉంచి, కొసని వదిలేసేది. మందుల షాపులో దొరికేవి ఆమె చేతికి వదులయ్యాయి. వేడి నీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ షీటుతో చేతికి సరిపడా నేనే చేశాను, చెమటకి చర్మం పాడవకుండా లోపల నూలు గొట్టం వేయించాను. స్నానానికి తప్ప తియ్యొద్దన్నాను. ఈ మూడు వారాలు ఆట వద్దని కూడా చెప్పాను. ఎప్పటి నుంచి మళ్లీ ఆడొచ్చో తారీకు వేసి రాసిచ్చాను కాబట్టి ఒప్పుకుంది. తమ్ముడితో ఆ రోజుల్లో వీడియో కాల్ మాట్లాడుకున్నారు.

కరెంటు పెట్టలేదు. వాళ్లమ్మగారికి అది నచ్చలేదు, ఫిజియో అంటే కరెంటే అన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఈ జబ్బులో మిషన్ల కన్నా స్ప్లింటు, చేతి వాడకంలో మార్పు ఎక్కువ పని చేస్తాయని నా అనుభవం. ఇంజెక్షన్ సంగతి ఆర్థోపెడిక్ డాక్టరు గారితో మాట్లాడించాను. టెండన్లు వెళ్లే ఆ గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈ జబ్బుకి బాగా పనిచేస్తుంది, దాన్ని చూసి భయపడాల్సింది లేదు. చర్మం రంగు అక్కడ కొద్దిగా తేలిపోయే అవకాశం మాత్రం ఉంది. ఆరు వారాలు చూసి, తగ్గకపోతే చేయించుకుంటానని ఆమె అంది, డాక్టరు గారూ సరేనన్నారు.

మూడు వారాల తర్వాత నొప్పి పదికి మూడు. స్ప్లింట్‌ని రాత్రులకి పరిమితం చేసి వ్యాయామాలు మొదలుపెట్టాను. బొటనవేలిని కదపకుండా ఎదురు ఒత్తిడి ఇవ్వడం, ఆ తర్వాత రబ్బరు బ్యాండుతో పక్కకి చాచి, నెమ్మదిగా వెనక్కి తేవడం. ఆ నెమ్మదిగా తేవడమే ముఖ్యం, అందరూ అక్కడే తొందరపడతారు.

అదే వారం కంట్రోలర్ పని పట్టాం. మొబైల్ రిపేరు చేసే ఒకతను ఎడమ స్టిక్ మాడ్యూల్ మార్చాడు. ఎల్3 మళ్లీ తేలిగ్గా దిగింది. కానీ అసలు మార్పు అది కాదు, ఆ నొక్కుడే లేకుండా చెయ్యాలి. పరుగుని ముందు కుడివైపు సర్కిల్ బటన్‌కి మార్చింది. అలా చేస్తే పరిగెత్తినప్పుడల్లా కుడి బొటనవేలు గురి చూసే కుడి స్టిక్‌ని వదలాల్సి వస్తోందని, ప్రతిసారీ ముందు తనే చచ్చిపోతున్నానని మూడో రోజుకే ఫోన్ చేసింది. ఆట సెట్టింగుల్లోనే ఆటోమేటిక్ స్ప్రింట్ అని ఒకటి ఉంది. అది పెడితే స్టిక్‌ని ముందుకి తోస్తే చాలు, మనిషి తనంతట తనే పరిగెడతాడు. దాంతో ఎడమ బొటనవేలు కిందికి నొక్కే పని దాదాపు పోయింది. ఆట ఇలాంటి వీలు ఇవ్వకపోయినా ప్లేస్టేషన్ 5లో, ఎక్స్‌బాక్స్‌లో, కంప్యూటర్ మీద స్టీమ్ అనే ఆటల యాప్‌లో బటన్ల పనులు మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది. ప్లేస్టేషన్ 5లో ట్రిగ్గర్లు (చూపుడు వేళ్లతో నొక్కే వెనక బటన్లు) వేలికి ఎదురు తన్నే బిగువుని కూడా తగ్గించవచ్చు, పూర్తిగా తీసేయవచ్చు. ట్రిగ్గర్ నొక్కే వేళ్లలో నొప్పితో వచ్చేవాళ్లని ముందు ఇది అడగాలి.

కొత్తది కొనిపించే ముందు వాళ్ల పెదనాన్నగారి అబ్బాయి దగ్గరున్న ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ని వారం అరువు తెచ్చుకోమన్నాను. మళ్లీ వీడియో తీసి కొలిచాను. ఒళ్లో దిండు పెట్టుకుని, ముంజేతులు రెండూ దాని మీద ఆనించి, మోచేతుల్ని పక్కటెముకలకి ఎడంగా ఉంచి ఆడితే ఎడమ మణికట్టు వంపు 10 డిగ్రీల లోపుకి వచ్చింది. అందులో కంట్రోలర్ వాటా ఎంత, దిండు వాటా ఎంత అని పాత కంట్రోలర్‌నే దిండు మీద పెట్టి కూడా చూశాను. 16, 17 డిగ్రీల దగ్గర ఆగింది. అంటే డబ్బు ఖర్చు లేని దిండే సగానికి పైగా పని చేసింది. కంట్రోలర్ కొనే స్తోమత లేని వాళ్లకి ఈ ముక్క ముందు చెప్పాలి.

జారకుండా పిడులకి పల్చటి గరుకు స్టిక్కర్లు అంటించాం. బ్యాడ్మింటన్ బ్యాట్ టేపు చుడదామా అంది గానీ, పిడి లావైతే చిన్న చెయ్యి ఇంకా చాలదు, అందుకే వద్దన్నాను.

ఆ తర్వాత

ఆరో వారం ఫింకెల్‌స్టీన్ పరీక్షలో నొప్పి పదికి రెండు. ఇంజెక్షన్ అవసరం పడలేదు. రోజుకి అరగంట ఆట, మధ్యలో ఒక విరామం. ఎనిమిదో వారంలో ఒక ఎదురుదెబ్బ. దసరా సెలవులకి బంధువుల పిల్లలంతా వస్తే, వాళ్లతో కలిసి పాత కంట్రోలర్‌తో నేల మీద కూర్చుని సాయంత్రమంతా ఆడింది. మర్నాడు నొప్పి ఐదుకి ఎక్కింది. నాలుగు రోజులు స్ప్లింట్ పెట్టుకుంటే దిగింది. ఎంతసేపు ఆడిందన్న దానికన్నా ఎలా పట్టుకుని ఆడిందన్నదే ఆమె చేతికి లెక్క అని దాంతో ఇంకా స్పష్టమైంది. ఎందుకంటే అంతకు ముందు ఆదివారం అంతే సేపు దిండు మీద, కొత్త అమరికతో ఆడితే ఏమీ కాలేదు.

మూడు నెలలకి చివరిసారి చూసినప్పుడు నొక్కితే నొప్పి లేదు, కుక్కర్ మూత తిప్పుతోంది, హారన్ కొడుతోంది. బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య తాళంచెవి పట్టే పట్టు కుడిచేతి కన్నా ఇంకా ఐదో వంతు తక్కువగానే ఉంది, కాబట్టి రబ్బరు బ్యాండు వ్యాయామం ఆపలేదు. సొంతంగా ఎక్స్‌బాక్స్ రకం కంట్రోలర్ కొనుక్కుంది. నొప్పి మళ్లీ వస్తే ఈసారి ముందు అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించి, ఆ గొట్టం లోపల రెండు టెండన్ల మధ్య అడ్డుగోడ ఉందేమో చూడాలని ఆర్థో డాక్టరు గారూ నేనూ అనుకున్నాం. కొందరికి పుట్టుకతోనే అలా రెండు గదులుగా ఉంటుంది. అలాంటి వాళ్లలో ఇంజెక్షన్ ఒక గదిలోకే వెళ్లి రెండో టెండన్‌కి అందకపోవచ్చు, కాబట్టి సూదిని స్కాన్‌లో చూస్తూ వెయ్యాలి.